చేతులు ఖాళీ లేవు

కోడలు వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారి చేతులు మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి.

పిండి అప్పుడప్పుడే దారికొస్తోంది. ఇంకాస్త పిసికితే వేళ్ళను తనంతట తనే వదిలేస్తుంది. ఈ దశలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. ఒక పొయ్యి మీద కూర మగ్గుతోంది, రెండో పొయ్యి మీద పాలున్నాయి. సాయంత్రానికి తన ఆడపడుచు, మామగారి అక్కయ్య, వస్తోంది. ఆవిడ వచ్చిందంటే ముందు వంటిల్లు చూస్తుంది, మనుషుల్ని పలకరించడం ఆ తర్వాతే.

కోడలు భుజం మీద మెత్తగా తట్టింది. పుట్టుకతోనే వినపడని పిల్ల. ఎవరితో మాట్లాడాలన్నా ముందు వాళ్ళ కళ్ళు తనవైపు తిప్పుకోవాలి. అత్తగారు తలెత్తి నవ్వింది, చేతులు మాత్రం పిండిలోనే ఉంచి.

కోడలి చేతులు కదిలాయి. మొదట్లో నెమ్మదిగానే. ‘బడి’ అన్నది అత్తగారికి తెలిసింది. ‘నేను’ తెలిసింది. ‘దూరం’ కాబోలు ఒకటి. ఆ తర్వాత చేతులు వేగం అందుకున్నాయి. ఒక అరచెయ్యి గుండె దగ్గరికొచ్చి ఆగింది, అక్కణ్ణుంచి అత్తగారివైపు వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చివర్లో కనుబొమలు రెండూ పైకి లేచి అలాగే ఉండిపోయాయి. కనుబొమలు లేచాయంటే ప్రశ్న అడిగినట్టు, జవాబు వచ్చేదాకా అవి దిగవు. సైగల భాష క్లాసులో ఈ సంగతి అందరికంటే ముందు పట్టుకున్నది అత్తగారే.

పాలు గిన్నె అంచున చిన్నగా రొద చేస్తున్నాయి. అత్తగారు ఒక కన్ను అటు వేసి, నిండుగా నవ్వి, తల ఊపింది. సరే, సరే.

కోడలి కనుబొమలు దిగలేదు. గడ్డం కాస్త ముందుకు పెట్టి ఇంకోసారి అడిగింది. నిజంగానా, అన్నట్టుంది ఆ ముఖం. అత్తగారు ఈసారి ఇంకా గట్టిగా ఊపింది. సందేహమేముందమ్మా, అన్నంత గట్టిగా.

కోడలు అత్తగారి చెంప మీద అంటిన పిండిని వేలి కొసతో తుడిచి, పొయ్యి కట్టేసి వెళ్ళిపోయింది.

ఏమడిగిందో. బళ్ళో పనిచేసే ఆ స్నేహితురాలితో ఎక్కడికైనా వెళ్ళొస్తానందేమో. వెళ్తే వెళ్ళనీ, ఎప్పుడూ ఇంట్లోనేగా పడి ఉంటుంది. అబ్బాయి వచ్చాక అడిగితే సరిపోతుంది అనుకుంది అత్తగారు. పిండి వేళ్ళను వదిలింది. దాంతోపాటు ఆ ఆలోచనా వదిలింది.

భోజనాల దగ్గర ఆడపడుచు మాటల సంచీ విప్పింది. కొడుకు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. వాడుంటే ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పెళ్ళానికి అన్నీ చెప్తుంటాడు.

“మీ బావగారి సంగతి విన్నావుట్రా తమ్ముడూ? మొన్న వాకింగుకి వెళ్తూ పక్కింటాయన చెప్పులేసుకుపోయారు. కళ్ళజోడు పెట్టుకోరుగా, గడప దగ్గర ఏవి కనిపిస్తే అవే. దారిలో ఆ పక్కింటాయనే కలిశాడు. పాపం ఉత్త కాళ్ళు. ఈయన కాళ్ళకేసి చూసి, ‘మంచి చెప్పులండీ, నావీ అచ్చం ఇలాంటివే, పొద్దుట్నుంచీ కనబడ్డం లేదు’ అన్నాడట. దానికి మీ బావగారేమన్నారో తెలుసా? ‘జాగ్రత్తగా ఉండాలండీ, రోజులు బాలేవు’ అన్నారట.”

మామగారికి పొలమారింది. అత్తగారు నవ్వలేక నవ్వలేక గిన్నె బల్లమీద పెట్టేసింది.

కోడలు ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూపు తిప్పుతోంది. పెదాలు చూసి కొంత పట్టుకోగలదు కానీ, నోట్లో ముద్దలున్న మనుషులు నవ్వుతూ మాట్లాడుతుంటే పెదాలు ఏం చెప్తాయి? అత్తగారి మోచెయ్యి తాకింది. ఏమిటి?

అత్తగారు అప్పటికి మళ్ళీ గిన్నె ఎత్తింది, రెండో చేతిలో గరిటె. గరిటె పట్టిన చేతినే అరచెయ్యి ముందుకు వచ్చేలా కొంచెం ఎత్తింది. తర్వాత చెప్తాను.

“అయ్యో పాపం, దాని ముఖం చూడండి. చెప్పకూడదుటే మరదలా? మీరంతా పెళ్ళికి ముందు క్లాసులకెళ్ళి మరీ నేర్చుకున్నారుగా,” అంది ఆడపడుచు.

“నేర్చుకోవడమేమిటి, మీ మరదలు ఫస్టు. ఆ గోడ చూడక్కయ్యా,” అన్నాడు మామగారు.

గోడమీద అద్దాల చట్రంలో సర్టిఫికెట్టు ఉంది. అత్తగారు ప్రతి శుక్రవారం దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది.

“అయితే ఏదీ, ఓ నాలుగు ముక్కలు మాట్లాడు, చూస్తాను.”

అత్తగారు గిన్నే గరిటే దించి, చేతులు కొంగుకి తుడుచుకుని, గాజులు పైకి తోసుకుంది. నీళ్ళు. అన్నం. నిద్ర. ఆకలి. బాగుంది. ఒక్కొక్కటీ శుభ్రంగా, అంచులు తీరినట్టు వచ్చాయి.

“అమ్మ దొంగా, అచ్చం టీవీలో వార్తలు చదివినట్టే ఉంది,” అని ఆడపడుచు చప్పట్లు కొట్టింది.

కోడలు ఆ చేతుల్ని శ్రద్ధగా చూసింది. నీళ్ళ గ్లాసు అత్తగారి వైపు జరిపింది, నీళ్ళు అడిగారనుకుని. అందరూ మళ్ళీ నవ్వారు. ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వింది.

చెప్పుల కథ మాత్రం బల్ల మీద ఎంగిలి పళ్ళేలతో పాటు లేచిపోయింది.

మర్నాడు ఆడపడుచుని బస్సెక్కించి వచ్చేసరికి కోడలి స్నేహితురాలు వచ్చి ఉంది. ఆ పిల్లకీ వినపడదు. పై గదిలో కిటికీ దగ్గర కూర్చున్నారిద్దరూ. అత్తగారు టీ పెట్టి, ట్రేలో రెండు కప్పులూ బిస్కెట్లూ సర్ది మెట్లెక్కింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చప్పుడు లేదు కానీ, చప్పుడు లేని గదిలా లేదు. కోడలు మోకాళ్ళ మీద లేచి కూర్చుని ఏదో కథ చెప్తోంది. అత్తగారికి ఆ పిల్ల ఒదిగి కూర్చోవడం తెలుసు, బట్టలు మడత పెట్టడం తెలుసు, తలవంచుకుని కూరగాయలు తరగడం తెలుసు. ఈ పిల్ల ఎవరో తెలియదు. భుజాలు, బుగ్గలు, కళ్ళు అన్నీ మాట్లాడుతున్నాయి. ముక్కుమీద వేలితో కళ్ళజోడు తోసుకుంది. అది మామగారు, తిరుగులేదు. పెదాలు బిగించి గది నాలుగు మూలలూ తనిఖీ చేసింది. అది ఆడపడుచు, ఆవిణ్ణి కన్నతల్లి చూసినా గుర్తుపడుతుంది. స్నేహితురాలు పొట్ట పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది.

అత్తగారికి నవ్వొచ్చింది. ఇంత కొంటెతనం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందీ పిల్ల?

అప్పుడు కోడలు ముఖం పక్కకి తిప్పి, చూపు ఎక్కడో పొయ్యి మీద పెట్టినట్టు పెట్టి, ఒక అరచెయ్యి ఎత్తింది. గరిటె పట్టుకున్న చెయ్యిలాగే.

స్నేహితురాలు నవ్వు ఆపుకోలేక తలుపు వైపు తిరిగి అత్తగారిని చూసింది. మంచి పిల్ల, కల్లాకపటం తెలియనిది. లేచి వచ్చి నమస్కారం పెట్టి, అత్తగారి వైపు వేలు చూపించి, మళ్ళీ ఆ అరచెయ్యి ఎత్తి, కోడలి వైపు కనుబొమలెగరేసింది. వీరేనా?

కోడలు గబుక్కున ఆ చేతిని పట్టి కిందికి దించింది.

వాళ్ళ భాషలో మనుషులకి పేర్లు అలాగే పెడతారు. అక్షరాలతో కాదు, మనిషికుండే అలవాటుతో. క్లాసులో టీచరమ్మ అత్తగారిని ఒక పూటంతా గమనించి పేరు పెట్టింది. ఏ పని మొదలెట్టినా గాజులు పైకి తోసుకుంటుంది కదా, అదే ఆవిడ పేరు, గాజులు పైకి తోసుకోవడం. పెళ్ళయిన కొత్తలో కోడలు ఆ పేరుతోనే పిలిచేది. ఎప్పుడు మానేసిందో అత్తగారు గమనించలేదు.

చేతుల్లో ట్రే ఉంది. అదేదో వరంలా తోచింది ఆ క్షణాన. ట్రే బల్లమీద పెట్టి, వాళ్ళు ఏమైనా అనేలోగా మెట్లు దిగిపోయింది.

అసలు ఎక్కడ జారిపోయింది? అంట్లు తోముతూ ఆలోచించింది అత్తగారు. బుర్రలో లేకపోవడం కాదు. క్లాసు అయిన కొత్తలో కలల్లో కూడా చేతులు ఆడేవి. కానీ నోటితో మాట్లాడితే చేతులు పని చేసుకోవచ్చు. చేతులతో మాట్లాడాలంటే పని ఆపాలి. తడి తుడుచుకోవాలి, కత్తి కింద పెట్టాలి, మంట తగ్గించాలి. మొదట్లో ఆపేది. తర్వాత గడ్డంతో చూపించడం అలవాటైంది, తర్వాత కనుసైగ, తర్వాత ఆ అరచెయ్యి. ఆ పిల్ల మాత్రం ఎప్పుడూ తన పని ఆపే మాట్లాడింది. అర్థం కానప్పుడు అత్తగారు తల ఊపింది. ఫస్టు వచ్చిన మనిషి అర్థం కాలేదని ఎలా అంటుంది?

ఆలోచిస్తుంటే నిన్నటి పిండీ, ఆ ఎత్తిన కనుబొమలూ గుర్తొచ్చాయి. చేతిలో గిన్నె తళతళలాడుతున్నా ఇంకా తోముతూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే కొడుకూ కోడలూ స్నేహితురాలి ఊరికని వెళ్ళి, దీపాలు పెట్టేవేళకి తిరిగొచ్చారు. కొడుకు చెప్పులు విప్పుతూనే తల్లి భుజం చుట్టూ చెయ్యేశాడు.

“అమ్మా, నువ్వు గొప్పదానివే.”

“ఏమిట్రా, ఏం కావాలేమిటి?”

“ఏం వద్దు. నిజంగానే అంటున్నా. ఇంకోళ్ళయితే ఇంత తేలిగ్గా పంపేవాళ్ళు కాదు.”

ఎవర్నిరా అని అడగబోయి, అత్తగారు కొంగు సర్దుకుంది.

“ఎవర్ని పంపడం? ఎక్కడికి?” అన్నాడు మామగారు పేపరు దించి.

“వినపడని పిల్లల బడి నాన్నా. దీని స్నేహితురాలు చేసేచోటే. చిన్నక్లాసులకి టీచరుగా రమ్మన్నారు. ఇది నెల్నించీ నానుస్తోంది. వెళ్ళాలా వద్దా తేల్చుకోలేక. నేను ఏం చెప్పినా దానిమీద రుద్దినట్టవుతుందని, ‘అమ్మనడుగు, అమ్మేమంటే అదే’ అన్నా. అమ్మని అడిగిందిట. అమ్మ రెండో మాట లేకుండా వెళ్ళమందిట. ఇవాళ వెళ్ళి సరేనని చెప్పొచ్చాం. మా ఆఫీసుకి అక్కడ బ్రాంచి ఉందిగా, మార్పించుకుంటా. వారంలో దాన్ని దింపేస్తే వెనకాలే నేనూ వెళ్తా.”

మామగారు భార్యవైపు తిరిగాడు. “ఇంత జరిగితే నాతో ఒక్క ముక్కైనా అన్లేదే?”

గడపలో కోడలు నిలబడి ఉంది. అందరి పెదాలనూ చూస్తోంది.

“చెప్దామనే అనుకున్నా. మీ అక్కయ్య వచ్చిన హడావిడిలో…” అంది అత్తగారు.

ఆ మాట అనేసిన తర్వాత గానీ తెలియలేదు, తలుపు తనే మూసి తాళం వేసేసిందని. ఇప్పుడు అర్థం కాలేదంటే, ఆ ఒక్కరోజుది కాదు, ఇన్నాళ్ళ తల ఊపుళ్ళన్నీ బయటపడతాయి. అర్థమైందంటే, పిల్ల వెళ్ళిపోతుంది. కొడుకు దూరం కావడం కాదు ఆవిడ బాధ. వాడు చదువుకునే రోజులనుంచీ ఇల్లు పట్టని మనిషే. చెంప మీద పిండి తుడిచి, పొయ్యి కట్టేసి వెళ్ళే మనిషి ఇంకొకరు ఈ ఇంట్లో లేరు.

మర్నాడు మధ్యాహ్నం కూరగాయల సంచీ పట్టుకుని బయల్దేరి, మార్కెట్టు దాటేసి, మందుల షాపు మేడమీది హాల్లోకి ఎక్కింది. క్లాసు జరుగుతోంది. అవే ఇనుప కుర్చీలు, అదే నల్లబల్ల. కొత్త మనుషులు కూర్చుని వేళ్ళు తిప్పుకుంటున్నారు. టీచరమ్మ కాస్త నెరిసింది. ఆవిడకీ వినపడదు, అవసరమైతే బల్లమీద రాస్తుంది.

టీచరమ్మ అత్తగారిని చూసి ముఖమంతా నవ్వు చేసుకుని, గాజులు లేని తన చేతిమీద గాజులు పైకి తోసుకున్నట్టు తోసుకుంది.

ఎవరో పుట్టింటి పేరుతో పిలిచినట్టయింది. అత్తగారికి కళ్ళు చెమ్మగిల్లాయి.

టీచరమ్మ చేతులు గబగబా ఆడాయి. కుశలమడుగుతోంది కాబోలు. ‘ఇల్లు’ తెలిసింది. ‘మీవారు’ తెలిసింది. అత్తగారు నవ్వి తల ఊపింది. టీచరమ్మ ఇంకేదో అడిగింది. మళ్ళీ ఊపింది.

టీచరమ్మ చేతులు ఆగాయి. సుద్దముక్క తీసుకుని బల్లమీద రాసింది.

‘మీ ఇల్లు తగలబడుతోంది, మీవారిని నేను లేవదీసుకుపోతాను, పర్వాలేదా అని అడిగాను. మీరు సరే అన్నారు.’

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఒకాయన, “పాపం మీవారి అభిప్రాయం కూడా కనుక్కోండి మేడమ్,” అన్నాడు. అత్తగారు కూడా నవ్వబోయింది. రాలేదు. కుర్చీలో కూర్చుండిపోయి సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

టీచరమ్మ నవ్వు ఆపి దగ్గరికొచ్చింది. కొత్తవాళ్ళ వైపు తిరిగి, బల్ల మీది రాత తుడిచి ఇంకో వాక్యం రాసింది. మొదటిరోజు మొట్టమొదట నేర్పేది అదే. ‘అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి.’ దాని కింద, ‘మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి దాచుకోండి. ఇదుంటే మిగతావి ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు.’

తర్వాత అత్తగారి ఎదుట వంగి, ఆ వాక్యాన్ని చేతులతో చేసి చూపించింది. నుదుటి దగ్గర వేళ్ళు ముడుచుకుని, విడివడి, జారిపోయాయి. ఆ తర్వాత వేలు గాలిలో చిన్న సున్నా చుట్టింది. అత్తగారు తనూ చేసింది. తప్పు పోలేదు. పరీక్షలో కూడా మొదటి ప్రశ్న ఇదే. పూర్తి మార్కులొచ్చాయి. ఆ హాలు మెట్లు దిగాక ఒక్కసారైనా వాడిన గుర్తు లేదు.

ఇల్లు చేరేసరికి కోడలు పై గదిలో పెట్టె సర్దుతోంది. చీరల మధ్య కాగితాలు పెట్టి మడతపెడుతోంది. అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టి, టీకి నీళ్ళు పక్కన పెట్టి, ఒక్క నిమిషం అక్కడే నిలబడింది. తర్వాత కొంగుకి చేతులు తుడుచుకుంది. పొడిగానే ఉన్నాయి. మళ్ళీ తుడుచుకుంది. మెట్లెక్కింది.

భుజం మీద తట్టింది. కోడలు తిరిగింది, చేతిలో సగం మడతపెట్టిన చీరతో.

అత్తగారు గాజులు పైకి తోసుకుంది. ‘ఆ రోజు. వంటింట్లో. నువ్వు అడిగావు.’ నుదుటి దగ్గర వేళ్ళు ముడుచుకుని జారిపోయాయి. ‘నాకు అర్థం కాలేదు.’ వేలు సున్నా చుట్టింది. ‘మళ్ళీ చెప్పు.’

కోడలు చీర మడత పూర్తి చేసి పెట్టెలో పెట్టింది. మంచం అంచున కూర్చుని, అత్తగారిని కూడా ఎదురుగా కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పింది. ఒక్కొక్క మాటా విడదీసి, ముద్దలు కలిపి పెట్టినట్టు.

‘బళ్ళో ఉద్యోగం ఇస్తామన్నారు. ఊరు దూరం. నాకు వెళ్ళాలని లేదు.’ అరచెయ్యి గుండె దగ్గరికి వచ్చి, అత్తగారివైపు వెళ్ళి, తిరిగి వచ్చింది. ‘మీ దగ్గర ఉండాలని ఉంది. మీరు ఉండిపొమ్మంటే ఉండిపోతాను. వెళ్ళమంటారా?’

కనుబొమలు లేచి నిలబడ్డాయి.

ఈసారి ఒక్క ముక్క కూడా జారిపోలేదు. జారిపోతే బాగుండుననిపించింది అత్తగారికి.

‘ఉండిపో’ అన్నది ఎలాగో ఆవిడకి వచ్చు. రెండు చేతులూ కలిపి కిందికి, నేలలో మొక్క నాటినట్టు. చేసింది. ఇంకోసారి చేసింది. మాట స్పష్టంగానే వచ్చింది.

కోడలి కనుబొమలు మెల్లగా దిగాయి. తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు.

‘అప్పుడు వెళ్ళాలని లేదు. ఇప్పుడు ఉంది.’

‘నిన్న బడి చూశాను. పిల్లలు మాట్లాడతారు. గేటు దగ్గరాయన మాట్లాడతాడు. వంటావిడ ఉంది. ఆవిడకి వినపడుతుంది. పెద్ద గిన్నె దగ్గర ఉంది, చేతులు నిండా పిండి.’ కోడలు ఇక్కడ కొంచెం ఆగింది. ‘నన్ను చూసి చేతులు తుడుచుకుంది. ఏ ఊరమ్మా, అని అడిగింది.’

కింద నుంచి మాడువాసన లేచింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు అత్తగారికి వినిపిస్తూనే ఉంది. కోడలికి వాసన ఇప్పుడే తగిలింది, ముక్కు పైకెత్తి మెట్ల వైపు చూసింది. అలవాటుగా అత్తగారి కుడిచెయ్యి లేవబోయింది. ఆవిడ దాన్ని పట్టి ఒళ్ళో పెట్టుకుంది. పొంగితే పొంగనీ. ఇంకా చెప్పు.

ఏం చెప్పాలో తనే వెతుక్కుంది. చివరికి తట్టింది. ‘మామయ్యగారి అక్కయ్య ఆ రోజు ఒక కథ చెప్పింది. నేను తర్వాత చెప్తానన్నాను.’ అక్కడిదాకా బాగానే వచ్చింది. చెప్పులు అనడానికి చేతులు లేచి గాలిలో ఆగాయి. చెప్పులకి ఏమనాలో గుర్తు లేదు.

కోడలు ఆ ఆగిన చేతుల్ని చూసింది. తర్వాత తన అరచెయ్యి కొంచెం ఎత్తి, గడ్డంతో వంటింటి వైపు చూపించి, పొయ్యి కట్టెయ్యడానికి మెట్లు దిగింది.

కోడలు తిరిగి వచ్చేదాకా అత్తగారు చేతులు దించలేదు.